నాయకుడు దిగిపోయాక కంచంలో ఏం మిగిలింది? – బ్రెజిల్ ఆకలి పోరు మీద ఒక ప్రసంగం

(ప్రపంచ ఆహార దినోత్సవం రోజున ఒక జిల్లా గ్రంథాలయం హాల్లో విద్యార్థులు, టీచర్లు, డ్వాక్రా మహిళల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. అక్కడక్కడా కుదించాం.)

వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను ఒకటి ఆపితే బాగుంటుంది బాబూ, నాకంటే అదే గట్టిగా మాట్లాడుతోంది. (నవ్వులు) ఆఁ, ఇప్పుడు సరే.

నాకిచ్చిన టాపిక్కు "ప్రపంచ ఆకలిని అంతం చేసేందుకు కృషి చేస్తున్న నాయకులు". ఇలాంటి హెడ్డింగు ఇస్తే మామూలుగా ఏం చేస్తాం, నలుగురైదుగురి పేర్లు చెప్పి, ఒక్కొక్కరినీ రెండేసి నిమిషాలు పొగిడి, చివర్లో అన్నం పరబ్రహ్మ స్వరూపం అనేసి దిగిపోతాం. నేను ఒక్క దేశమే తీసుకుంటాను. బ్రెజిల్. ఎందుకంటే ఈ పాతికేళ్లలోనే ఆ దేశం ఆకలిని ఒకసారి తరిమింది, మళ్లీ ఇంట్లోకి తెచ్చుకుంది, మళ్లీ తరిమింది. నాయకుడి వల్ల ఏమవుతుందో, ఏం కాదో అంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకోటి నాకు తెలియదు.

2021 నుంచి మొదలుపెడతాను. బ్రెజిల్లో మాతో గ్రోసో అనే రాష్ట్రం ఉంది, దాని రాజధాని కూయబా. దేశంలో అందరికంటే ఎక్కువ సోయా పండేది ఆ రాష్ట్రంలోనే, అందరికంటే పెద్ద పశువుల మంద ఉన్నదీ అక్కడే. ఆ ఏడాది కూయబాలో ఒక మాంసం కొట్టు ముందు జనం క్యూ కట్టిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. మాంసం కొనడానికి నిలబడ్డ క్యూ కాదది. మాంసం కోసేశాక మిగిలిన ఎముకలు ఆ కొట్టువాళ్లు ఉచితంగా పంచుతారు, వాటి కోసం ఆడవాళ్లు సంచులు పట్టుకుని గంటల తరబడి నిలబడ్డారు. ఎముకకు కాస్త కండ అంటుకుని ఉంటుంది కదా, దాన్ని ఉడకబెట్టి ఆ నీళ్లతో పిల్లలకింత అన్నం పెట్టడానికి. వాళ్లు నిలబడ్డ రాష్ట్రం నుంచి ఓడలకు ఓడలు సోయా, మాంసం చైనాకీ యూరప్‌కీ పోతూనే ఉంది.

ఇదే దేశాన్ని ఏడేళ్ల ముందు, 2014లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్ఏఓ, ఆకలి మ్యాపు, అంటే ఆకలి ఎక్కువున్న దేశాల జాబితా, నుంచి తీసేసింది. అప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. మరి ఏడేళ్లలో ఎముకల క్యూ ఎలా వచ్చింది? పంట తగ్గిందా అంటే తగ్గలేదు, పెరిగింది.

పంటకీ ఆకలికీ మనమనుకునేంత చుట్టరికం లేదని ఆ దేశంలో మొదట గట్టిగా చెప్పింది జొజుయె ద కాస్త్రో అనే డాక్టరు. 1908లో రెసీఫె నగరంలో పుట్టాడు. ఆ ఊళ్లో మడ అడవుల బురదలో గుడిసెలేసుకుని, ఆ బురదలోని పీతలు పట్టుకుని తిని బతికే జనాన్ని చిన్నప్పటి నుంచీ చూశాడు. 1946లో బ్రెజిల్లో ఏ ప్రాంతంలో ఏ రకం ఆకలి ఉందో మ్యాపు గీసినట్టు పుస్తకం రాసి, ఇది దేవుడు చేసింది కాదు, వాన చేసింది కాదు, భూమి ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి వచ్చింది అన్నాడు. తర్వాత ఎఫ్ఏఓ కౌన్సిల్‌కి అధ్యక్షుడయ్యాడు కూడా. 1964లో మిలిటరీ వాళ్లు అధికారం లాక్కున్నాక ఆయన హక్కులన్నీ రద్దు చేసి దేశం బయటే ఉంచేశారు. 1973లో పారిస్‌లో చనిపోయాడు, సొంతూరు మళ్లీ చూడకుండానే.

ఈ మాట మనకి కొత్తగా ఉండకూడదు. ధాత కరువు, 1876 నుంచి 78 దాకా, రాయలసీమలో జనం రాలిపోతుంటే మద్రాసు రేవు నుంచి ధాన్యం ఓడలెక్కింది. రైలు మార్గాలున్నాయి, ధాన్యం ఉంది, కొనే శక్తి జనానికి లేదు. అప్పట్లో మన దగ్గర ఆకలి తీర్చిన నాయకులంటే ఎవరు? 1866 కరువులో ఉయ్యాలవాడలో నెలల తరబడి గంజి పోయించిన బుడ్డా వెంగళరెడ్డి, కోనసీమలో లంకల గన్నవరంలో అర్ధరాత్రి తలుపు తట్టినా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ. చేతులెత్తి మొక్కాల్సిన వాళ్లే. కానీ సీతమ్మ గారు 1909లో పోయారు. ఆవిడ పొయ్యి ఆవిడతోనే ఆరింది. దాతకీ నాయకుడికీ నేను చూసే తేడా అదే. దాత ఉన్నన్నాళ్లు పెడతాడు, నాయకుడనేవాడు తను లేకపోయినా పెట్టే ఏర్పాటు చేసి పోవాలి. ఇవాళ నేను బ్రెజిల్ వాళ్లని కొలిచేది ఈ ఒక్క కొలతతోనే.

బ్రెజిల్ అధ్యక్షుడిగా ఎన్నికైన లూలా పేరు మీరందరూ విన్నారు. ఆయన దగ్గరికి వెళ్లేముందు, మనవాళ్లు పెద్దగా చెప్పుకోని ఒక మేయరు గురించి చెప్పాలి. పత్రూస్ అనానియస్. 1993లో బేలో ఒరిజోంచి అనే నగరానికి మేయరయ్యాడు, మన విజయవాడ కంటే పెద్ద ఊరే. వచ్చీ రాగానే ఆయన అన్న మాట, మార్కెట్లో కొనుక్కోలేనంత మాత్రాన నువ్వు పౌరుడివి కాకుండా పోవు, నీ తిండికి నేను జవాబుదారీ అని. అని ఊరుకోలేదు, మునిసిపాలిటీలో నీళ్లకి, రోడ్లకి ఉన్నట్టే ఆహార సరఫరాకి ఒక ప్రత్యేక విభాగం పెట్టేశాడు. బడ్జెట్ ఎంతనుకున్నారు? నగర బడ్జెట్లో 2 శాతం కంటే తక్కువ.

ఆ డబ్బుతో ఏం చేశారంటే, ఇది కాస్త నెమ్మదిగా చెబుతాను, నాకు చాలా ఇష్టమైన భాగం. ఊరి మధ్యలో మంచి సెంటర్లో కూరగాయల కొట్టు పెట్టుకోవడానికి మునిసిపాలిటీ స్థలం ఇస్తుంది. అలాంటి చోటు దొరకడమంటే వ్యాపారికి పండగే. కానీ షరతుంది. మునిసిపాలిటీ చెప్పిన ఓ ఇరవై రకాలు మాత్రం అది చెప్పిన తక్కువ ధరకే అమ్మాలి, మిగతావి నీ ఇష్టం. ఇంకో పథకంలో, వారమంతా సెంటర్లో అమ్ముకున్న వ్యాపారి శని ఆదివారాల్లో బండేసుకుని ఊరి చివర పేదల వాడలకు వెళ్లి అక్కడ కూడా అమ్మాలి. ఖజానా నుంచి సబ్సిడీ పెద్దగా పోలేదు. మునిసిపాలిటీ చేతిలో ఉన్న ఖరీదైన సరుకు స్థలం, దాన్ని పెట్టి పేదవాడి టమాటా ధర తగ్గించారు. విశ్వవిద్యాలయంతో కలిసి ఏ సూపర్ మార్కెట్లో ఏ సరుకు ధరెంతో లెక్క తీయించి బస్టాపుల్లో అంటించేవారు. బస్సు కోసం నిలబడ్డ మనిషి అది చదువుకుని, చవగ్గా ఇచ్చే కొట్టు ముందు దిగుతాడు.

ఇక పాపులర్ రెస్టారెంట్లు. పెద్ద పెద్ద హాళ్లు, వేడి వేడి భోజనం, నామమాత్రపు ధర. కార్డు అడగరు. గుమస్తా, కూలివాడు, కాలేజీ కుర్రాడు, పెన్షనరు ఒకే బల్ల మీద తింటారు. పేదవాళ్లకి మాత్రమే అని బోర్డు పెడితే పేదవాడే సిగ్గుపడి రాడు, తిండి నాణ్యత పడిపోయినా అడిగేవాడుండడు అని వాళ్ల లెక్క. మన అయిదు రూపాయల క్యాంటీన్లలో కూడా చూడండి, ఆటోవాళ్లూ ఆస్పత్రికొచ్చిన వాళ్లూ కోచింగ్ పిల్లలూ అందరూ నిలబడతారు, ఎవరూ ఎవర్నీ అడగరు. అది చాలా మంచి లక్షణం.

ఆ మేయరు పదవి 1996తో అయిపోయింది. పార్టీలు, మేయర్లు మారారు. ఆ విభాగం మాత్రం మిగిలింది! 2009లో, ఆయన దిగిపోయి పన్నెండేళ్లు దాటాక, ఆ నగరానికి ఈ ఆహార విధానానికిగాను అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. నా కొలతలో ఈయనకి ఫస్టు క్లాసు.

ఇప్పుడు లూలా. 1945లో పెర్నాంబూకో రాష్ట్రంలో కరువు సీమలో పుట్టాడు. మన అనంతపురం, పాలమూరు లాంటి సీమ అనుకోండి, వలసలు కూడా అలాంటివే. 1952లో వాళ్లమ్మ పిల్లల్నేసుకుని ఒక లారీ వెనక చెక్క బల్లల మీద పదమూడు రోజులు ప్రయాణం చేసి సావో పాలో వైపు వచ్చింది. ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే ఎడమచేతి చిటికెన వేలు యంత్రంలో పోయింది. యూనియన్ నాయకుడయ్యాడు, మూడుసార్లు అధ్యక్ష ఎన్నికల్లో ఓడిపోయి నాలుగోసారి, 2002లో గెలిచాడు. పదవి చేపట్టిన రోజు చెప్పిన మాట ఇది: నా పదవీకాలం ముగిసేసరికి ప్రతి బ్రెజిల్ పౌరుడూ పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం చేయగలిగితే నా జీవిత లక్ష్యం నెరవేరినట్టే. జీడీపీ గురించీ, అగ్రరాజ్యం గురించీ కాదు, మూడు పూటల గురించి.

మాట బాగుంది, మొదటి ఏడాది మాత్రం తడబడ్డారు. ఫోమె జీరో అంటే సున్నా ఆకలి అని పథకం పెట్టి, పియావీ రాష్ట్రంలో గ్వారిబాస్ అనే నిరుపేద ఊళ్లో మొదలుపెట్టారు. ఒక కార్డు ఇచ్చి, దాని మీద డబ్బు వేసి, తిండి సరుకులే కొనాలి, కొన్నట్టు రసీదు చూపించాలి అన్నారు. సంతలో ముసలమ్మ దగ్గర పెండలం పిండి కొంటే రసీదు ఎవరిస్తారండీ? (నవ్వులు) అధికారులు రసీదులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. విమర్శలు ముంచెత్తాయి. 2003 అక్టోబరులోనే దాన్ని, అంతకుముందు ప్రభుత్వం వదిలిపెట్టి వెళ్లిన పథకాలనీ కలిపేసి బోల్సా ఫమీలియా చేశారు. నగదు నేరుగా ఇస్తారు, తొంభై శాతానికి పైగా కార్డులు తల్లుల పేరు మీదే ఉంటాయి, పిల్లల్ని బడికి పంపాలి, టీకాలు వేయించాలి, అంతే షరతు. దేనికి ఖర్చుపెట్టుకోవాలో తల్లికి తెలుసు అని నమ్మారు. ఉచ్చదశలో కోటీ నలభై లక్షల కుటుంబాలకు అందింది, అయినా ఖర్చు జీడీపీలో అర శాతం దరిదాపుల్లోనే ఉంది. 2004లో ఈ శాఖకి మంత్రిగా ఎవరొచ్చారో తెలుసా, మన మేయరు పత్రూస్ గారే.

దీని వెనక ఇంకో మూడు నాలుగు పనులు జరిగాయి, పేపర్లలో అంతగా రాలేదు. చిన్న రైతుల దగ్గర టెండరు లేకుండా ప్రభుత్వం నేరుగా కొనే పథకం, 2003లోనే పెట్టారు. కరువు సీమలో ఇంటి పక్కన సిమెంటు పలకలతో పదహారు వేల లీటర్ల నీళ్ల తొట్టి. పైకప్పు మీద పడ్డ వాన గొట్టంలోంచి అందులోకి దిగుతుంది, అయిదుగురున్న ఇంటికి తాగడానికీ వంటకీ ఎనిమిది నెలల ఎండాకాలం గడిచిపోతుంది. ఊరి మేస్త్రీలకే నేర్పించి కట్టించారు, పది లక్షలకు పైగా కట్టారు. తొట్టి లేనప్పుడు ఏమయ్యేదంటే, ట్యాంకరు ఎవడు పంపితే వాడికి ఓటు. తొట్టి కట్టడంతో ఆ ఊళ్లలో రాజకీయం కూడా కొంత మారింది, అది కట్టినవాళ్లు పైకి చెప్పుకోని లాభం.

తర్వాత బడి భోజనం. ఇది పాత పథకమే, 1955 నుంచీ ఉంది, ఇవాళ దాదాపు నాలుగు కోట్ల మంది పిల్లలు తింటారు. 2009లో చట్టం చేసి, ఆ కేంద్ర నిధుల్లో కనీసం 30 శాతం చుట్టుపక్కల చిన్న రైతుల నుంచే కొనాలన్నారు. మెనూ వేయడానికి పోషకాహార నిపుణులు తప్పనిసరి. అరటిపండు, ఆకుకూర, చిక్కుడు గింజలు, పాలు, ఆ ఊరి రైతు పండించింది ఆ ఊరి బడి కంచంలోకి వస్తుంది. రైతుకి విత్తనం వేసేటప్పుడే కొనేవాడెవడో తెలుస్తుంది. మన రైతుకి ఎప్పుడైనా ఆ టెన్షన్ లేకుండా నిద్రపట్టిందా?

ఆఖరుది కోన్సియా. జాతీయ ఆహార భద్రత మండలి. దేశాధ్యక్షుడికి సలహా ఇచ్చే కమిటీ. ఇలాంటివి మన దగ్గర బోలెడు, టీ బిస్కెట్ తిని సంతకం పెట్టి వచ్చేవి. దీంట్లో విశేషమేమిటంటే, మూడింట రెండొంతుల మంది ప్రభుత్వం బయటివాళ్లు. రైతు సంఘాలు, ఆదివాసీలు, నల్లజాతి బస్తీల వాళ్లు, ప్రొఫెసర్లు ఉంటారు. మంత్రులు మిగతా ఒక వంతే. ఛైర్మను కూడా బయటి మనిషే ఉండాలి. అంటే లూలా తనని తిట్టడానికి తనే ఒక సభ కట్టి, దాంట్లో తనకి మెజారిటీ లేకుండా చూసుకున్నాడు. తిట్టారు కూడా. 2006 ఆహార భద్రత చట్టం, 2010లో తిండి హక్కుని రాజ్యాంగంలో చేర్చిన సవరణ, బడి భోజనంలో ఆ 30 శాతం, వీటన్నిటి వెనకా వాళ్ల ఒత్తిడి ఉంది. 2014లో ఆకలి మ్యాపు నుంచి బయటపడ్డారు. మొదట్లో ఫోమె జీరో నడిపిన మంత్రి జొజె గ్రాజియానో ద సిల్వా అప్పటికే ఎఫ్ఏఓకి డైరెక్టర్ జనరల్.

ఇక్కడ ఆపేస్తే ఇది నీతికథ అయ్యేది.

2015, 16ల్లో ఆర్థిక మాంద్యం వచ్చింది. 2016లో ప్రభుత్వ ఖర్చుని ఇరవై ఏళ్లపాటు ధరల పెరుగుదలని మించి పెంచకుండా రాజ్యాంగంలోనే గొళ్లెం పెట్టారు. అంటే పతనం తర్వాత అధ్యక్షుడైన బోల్సొనారోకి ముందే మొదలైంది, అన్నీ ఆయన నెత్తిన వేయడం న్యాయం కాదు. కానీ 2019 జనవరి 1, ఆయన పదవిలోకి వచ్చిన మొదటి రోజే కోన్సియాని ఎత్తేశారు. ఒక్క సంతకం! జనం ఊరుకోలేదు, ఆ ఫిబ్రవరిలో చాలా నగరాల్లో వంటవాళ్లూ రైతులూ కలిసి వీధుల్లో పెద్ద పెద్ద బల్లలు వేసి వండి, దారిన పోయేవాళ్లందరికీ భోజనం పెట్టారు. నినాదాలిచ్చే బదులు వడ్డించారు. అయినా మండలి తిరిగి రాలేదు. రైతుల దగ్గర కొనే పథకం పేరు మారి, డబ్బు ఎండిపోయింది. తొట్ల నిధులు దాదాపు ఆగిపోయాయి. బడి భోజనం ఆగలేదు గానీ పిల్లాడికి ఇంత అని ఇచ్చే మొత్తం 2017లో ఎంతో 2023 దాకా అంతే, మధ్యలో ధరలు ఎక్కడికి పోయాయో మీకు తెలుసు. ఆపైన కోవిడ్. అప్పుడొచ్చింది ఎముకల క్యూ.

మరి బోల్సా ఫమీలియా ఏమైంది? దాన్ని తీయలేకపోయారు. 2021లో పేరు మాత్రం మార్చారు, అవుసీలియో బ్రెజీల్ అని. మార్చడమే కాదు, 2022 ఎన్నికల ముందు మొత్తం పెంచారు! కోటిన్నర కుటుంబాల్లో తల్లి చేతిలో ఉన్న కార్డు మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. మండలి గొప్పదే, తొట్టి గొప్పదే, కానీ తెల్లారితే దాని కోసం రోడ్డెక్కేవాళ్లు తక్కువ. కార్డు మిగిలింది, మండలి పోయింది.

అదే మన దగ్గర చూసుకోండి. ఎన్టీఆర్ 1983లో కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. అప్పట్లో ఆర్థికవేత్తలు ఖజానా మునిగిపోతుందన్నారు. మధ్యలో ధర పెంచారు, మూడున్నర, అయిదుంబావలా దాకా పోయింది, 2008లో మళ్లీ రెండు రూపాయలైంది, 2011లో రూపాయైంది, ఇప్పుడు దేశవ్యాప్తంగా దాదాపు ఎనభై కోట్ల మందికి ఉచితం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం. ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కపెట్టండి, బియ్యం తీసే మొనగాడు పుట్టలేదు. అదే క్యాంటీన్ల సంగతి? అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో ప్రభుత్వం మారాక మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఏ పార్టీ మంచిది అనేది నా ప్రశ్న కాదు, మీ ఇళ్లలో ఆ గొడవ ఎలాగూ ఉంటుంది. (నవ్వులు) పక్కన తమిళనాడులో జయలలిత 2013లో పెట్టిన అమ్మ ఉణవగం, 2021లో ప్రత్యర్థి పార్టీ వచ్చినా అదే పేరుతో నడిచింది. అంటే చేయొచ్చు, మనసుండాలి.

మన దగ్గర ఇంకో రకం నాయకత్వం కూడా ఉంది. 2001లో గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం ఆకలితో చస్తున్నారని రాజస్థాన్ నుంచి పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు, బళ్లలో వండిన భోజనమే పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటిదాకా చాలా రాష్ట్రాల్లో బియ్యం కొలిచి ఇంటికి పంపేవాళ్లు. ఆ ఉత్తర్వులు అమలవుతున్నాయో లేదో చూడటానికి కోర్టు పెట్టిన ఇద్దరు కమిషనర్లలో ఒకరు మన ఎస్.ఆర్. శంకరన్ గారు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్, వెట్టిచాకిరీ విముక్తి కోసం జీవితం పెట్టిన మనిషి. ఇవాళ ఏ బళ్లో పిల్లాడైనా వేడి అన్నం తింటున్నాడంటే అందులో ఆయన వంతు ఉంది, ఆ పిల్లాడికి ఆయన పేరు తెలియదు.

ఇక్కడ బ్రెజిల్ కంటే మనం వెనకబడ్డ చోటు చెప్పకపోతే మోసం చేసినట్టు. మనం కడుపు నింపాం, ఒంటికి పట్టించలేదు. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 2019–21 నాటిది, ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైనే. బియ్యం కార్డు ఎంత బలమైనదంటే, అది బియ్యాన్ని దాటి కదలడం లేదు. పప్పు, జొన్న, నూనె, గుడ్డు గురించి అడిగే ఓటరు లేడు.

అడిగినవాళ్లు మాత్రం ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, 1990ల్లోనే, పడావు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి జొన్నలు వేసి, ఆ జొన్నల్ని తమ ఊళ్లోనే నిల్వ పెట్టి, ఎవరింట్లో ఎంత ఆకలి ఉందో తామే కూర్చుని తేల్చి తక్కువ ధరకి ఇచ్చుకున్నారు. సొంత రేషన్ షాపు అన్నమాట, బయటి నుంచి గింజ రాకుండా. ఊళ్లో ఎవరు పస్తులుంటున్నారో ఏ సర్వే కంటే ఆ ఊరి ఆడవాళ్లకే బాగా తెలుసు. వాళ్లకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజు వచ్చింది. ఆ పద్ధతిని మాత్రం ఏ ప్రభుత్వమూ రాష్ట్రమంతా తీసుకెళ్లలేదు.

మళ్లీ బ్రెజిల్‌కి. మండలి పోయాక ఆకలి లెక్క తీసేవాళ్లు లేరు కదా, పరిశోధకులే పెన్సాన్ అనే నెట్‌వర్కుగా కూడి సొంతంగా ఇంటింటి సర్వే చేశారు. 2020 చివర్లో తీవ్ర ఆకలిలో ఉన్నవాళ్లు కోటీ తొంభై లక్షలు, 2022కి మూడు కోట్ల ముప్పై లక్షలు. ఆ రెండో అంకె 2022 ఎన్నికల్లో ప్రతి చర్చలోనూ మోగింది. లూలా గెలిచాడు, 2023 ఫిబ్రవరి 28న మండలిని తిరిగి పెట్టాడు, ఎత్తేసిన రోజు ఛైర్‌పర్సన్‌గా ఉన్న ఎలిజబెతా రెసీనెనే మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టాడు. అది నాకు భలే నచ్చింది. 2025 జూలైలో ఎఫ్ఏఓ ఆ దేశాన్ని మళ్లీ మ్యాపు నుంచి తీసేసింది.

అలాగని పూలదండలు వేసేయకండి. మ్యాపు నుంచి తీసేయడమంటే చాలినంత తిండి లేనివాళ్లు 2.5 శాతం కంటే తగ్గారని అర్థం. ఇరవై ఒక్క కోట్ల జనాభాలో అది యాభై లక్షల మంది దాకా కావచ్చు. సోయా భూస్వాముల పెత్తనం లూలా కూడా కదపలేదు, వ్యవసాయ రుణాల్లో పెద్ద వాటా ఇప్పటికీ వాళ్లకే. మాంసం, సోయా కోసం అడవి నరికే గొడవ అలాగే ఉంది.

2024 నవంబరులో రియోలో జీ20 సమావేశంలో ఆకలి, పేదరికాల మీద ప్రపంచ కూటమి అని ఒకటి మొదలుపెట్టారు, ఎనభైకి పైగా దేశాలు చేరాయి, మనం కూడా ఉన్నాం. సంతకాలకేం, పెడతారు. ఎఫ్ఏఓ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. సుడాన్‌లో, గాజాలో కరువు వచ్చింది వాన పడక కాదు, తుపాకుల వల్ల. మరోపక్క ప్రపంచ ఆహార కార్యక్రమానికి 2025లో దాతల డబ్బు దాదాపు నలభై శాతం పడిపోయింది. దాతల మీద ఆధారపడితే ఏమవుతుందో ఇందాకే చెప్పుకున్నాం.

నేను చెప్పదలచుకున్నది అయింది. అడగండి.

(సభలోంచి: సార్, లూలా జైలుకెళ్లాడు కదా, అలాంటి మనిషిని ఆదర్శంగా ఎలా చెప్తారు?)

వెళ్లాడు. 2018 ఏప్రిల్ నుంచి 2019 నవంబరు దాకా ఉన్నాడు. 2021లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది, శిక్ష వేసిన కోర్టుకి విచారించే పరిధే లేదని చెప్పి. నేను ఆయన్ని ఆదర్శ పురుషుడని అనలేదు బాబూ. పథకం ఎలా కట్టాడో చూడమన్నాను. మనిషి నచ్చకపోతే పోనీ, తొట్టి పనిచేస్తోందా లేదా చూడు.

(సభలోంచి, ఒక పెద్దాయన: ఉచితాలిచ్చి జనాన్ని సోమరులను చేస్తున్నారు, కూలీలు దొరకడం లేదు.)

మాస్టారూ, ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ని. (నవ్వులు) ఆరు కిలోల బియ్యంతో నెలంతా ఎవరు కాళ్లు చాపుకుని కూర్చుంటారండీ? ఉప్పు, పప్పు, ఫోను రీచార్జి ఎక్కణ్నుంచి వస్తాయి? కూలి దొరకడం లేదంటే, పాత రేటుకి దొరకడం లేదని. ఇంట్లో బియ్యం ఉన్న కూలీ, ఇంత ఇస్తేనే వస్తానని అనగలుగుతోంది. మీకది ఇబ్బందే, నేను కాదనను. కానీ అది సోమరితనం కాదు, బేరం.

(సభలోంచి, ఒక మహిళ: సార్, మేం బడిలో వంట ఏజెన్సీ వాళ్లం. బిల్లులు నెలల తరబడి రావు. కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతున్నాం. గుడ్డు రేటు పెరిగినా మాకు పాత రేటే ఇస్తారు. బ్రెజిల్లో ఎలా ఇస్తారు?)

ఇవాళ అసలు ప్రశ్న ఇదమ్మా, మొదట మీరే మాట్లాడాల్సింది. అక్కడ కేంద్ర నిధి నుంచి స్థానిక ప్రభుత్వం ఖాతాకి నేరుగా పడుతుంది, ఏడాదిలో నెలనెలా వాయిదాల్లో. ప్రతి ఊళ్లో బడి భోజన మండలి ఉంటుంది, తల్లిదండ్రులు, టీచర్లు, బయటివాళ్లు ఉంటారు. లెక్కలు వాళ్లు చూసి సరే అనాలి, లేకపోతే తర్వాత వాయిదాలు ఆగిపోతాయి. రేటు పెంచకుండా తొక్కిపెట్టిన సంగతి మాత్రం చెప్పాను కదా, ఆ విషయంలో వాళ్లూ మనలాంటివాళ్లే.

మీకు పనికొచ్చేది ఒకటి చెబుతాను, రాసుకోండి. ఆహార భద్రత చట్టం కింద 2015లో మధ్యాహ్న భోజన నియమాలు వచ్చాయి. అందులో, వంట డబ్బులు తాత్కాలికంగా అందకపోతే భోజనం ఆగకుండా బడిలో ఉన్న వేరే నిధి వాడే అధికారం హెడ్మాస్టరుకి ఇచ్చారు. వరసగా మూడు బడి రోజులు గానీ, నెలలో కనీసం అయిదు రోజులు గానీ భోజనం పెట్టకపోతే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. పిల్లలకు భోజనం అందకపోతే ఆహార భద్రత భత్యం తర్వాతి నెల పదిహేనో తేదీలోగా ఇవ్వాలి. ఫిర్యాదు ముందు జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయాలి, అక్కడ పని కాకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కి. మీరొక్కరే రాయకండి, మండలంలో ఉన్న ఏజెన్సీ వాళ్లంతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి, ఏ నెల బిల్లు ఎంత బాకీ ఉందో బడివారీగా పట్టిక వేసి, రసీదు తీసుకుని ఇవ్వండి. ఆ నియమాలు నా దగ్గరున్నాయి, తెలుగులో టైపు చేయించి పంపిస్తాను. వెళ్లేముందు మీ ఊరి పేరు, బడి పేరు ఈ కాగితం మీద రాసి ఇవ్వండమ్మా.